ముప్పై ఏళ్ల మనిషికి పురుడు పోసిన రోజు

1949 ఎండాకాలం. పోలీసు యాక్షన్ అయి ఇంకా ఏడాది నిండలేదు. రామన్నపేటకు ఎడ్లబండి దూరంలో ఉన్న ఒక మిషన్ దవాఖానలో నేను మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. మిడ్‌వైఫ్ అంటే మంత్రసానే. కాకపోతే తెల్లచీర కట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, పరీక్ష పాసైన మంత్రసాని. ఆ రోజుల్లో మా పల్లెల్లో పగలంతా మిలిటరీ క్యాంపు వాళ్లు, పొద్దుగూకితే కమ్యూనిస్టు దళం వాళ్లు. మధ్యలో జనం నలిగిపోయేవారు. అయినా కర్ఫ్యూ పెట్టారని ఏ బిడ్డా కడుపులో ఆగదు కదా. నా పనికి మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు.

నా సర్వీసులో కవలలను తీశాను, కాళ్లు ముందొచ్చిన బిడ్డలను తీశాను, వాన కురుస్తుంటే బండి కింద చాప పరిచి కాన్పు చేశాను. ఇవన్నీ ఏ నర్సునడిగినా చెబుతుంది. నేను చెప్పబోయేది మాత్రం ఇంకే నర్సూ చెప్పలేదు. నా చేతుల్లో పుట్టినవాళ్లలో అందరికంటే పెద్ద బిడ్డకు మీసాలున్నాయి.

ఒకరోజు ఉదయం అండాలు అనే కాపు ఆడమనిషి దవాఖానకు వచ్చింది. ఐదో నెల. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేసి చూశాను, బిడ్డ బాగానే ఉంది. మొగుడి సంగతి అడగాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఆమే లేచి కూర్చుంది.

"అట్ల చూడకు నర్సమ్మా. గిది నా పెనిమిటి బిడ్డనే."

"ఆయన ఎక్కడున్నడు?"

"బాయికాడ ఉన్నడు. సచ్చిపోయిండు."

నేను నవ్వలేదు. ఆమె ముఖం చూస్తే నవ్వు వచ్చేది కాదు. నీళ్లు తాగించి మొదటి నుంచి చెప్పమన్నాను.

ఆమె పెనిమిటి పేరు జంగయ్య. పెండ్లయిన కొత్తలోనే దొర వెట్టిచాకిరీ భరించలేక బొంబాయికి పారిపోయాడు. అక్కడ రేవులో మూటలు మోసి, రెండో ప్రపంచ లడాయి రోజుల్లో మనుషులు దొరకని సమయంలో ఒక సరుకు ఓడ ఎక్కాడు, బొగ్గు పనికి. ఆ ఓడ నడిసముద్రంలో మరో ఓడ గుద్దుకుని మునిగింది. అదే ఓడ మీద పనిచేసిన వలిగొండ వైపు మనిషి ఒకడు బతికి బయటపడి, ఊరికొచ్చి కబురు చెప్పాడు. "కింద బొగ్గుకాడ ఉన్నోళ్లల్ల ఒక్కడు గూడ మీదికి రాలే" అన్నాడు. శవం లేదు. అందుకని మోదుగాకులతో మనిషంత బొమ్మ చేసి, దానికే జంగయ్య అని పేరు పెట్టి, తల్లి చేతనే కొరివి పెట్టించి దహనం చేశారు. తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. అండాలు గాజులు పగలగొట్టారు.

పోలీసు యాక్షన్ అయిన చలికాలంలో జంగయ్య నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చాడు.

"మా అత్త గడప తొక్కనియ్యలే" అంది అండాలు. "గప్పటి సంది బాయికాడ గుడిసెల ఉంటున్నడు. నేనే పోయి వస్తున్న. నా మొగడు గాదా మరి?"

"మంచి పని చేసినవ్" అన్నాను.

అసలు భయం ఇంకొకటి ఉంది. క్యాంపు జమేదారు, గ్రామాధికారి అయిన పోలీసు పటేలును పిలిచి, ఊళ్లో ఊరివాడు కానివాడు ఎవడున్నా అప్పగించాలన్నాడట. బావికాడి మనిషి సంగతి ఎవరో ఊదేశారు. మర్నాడు సాయంత్రానికి మిలిటరీ బండి వస్తుంది. ఆ రోజుల్లో ఆ బండి ఎక్కిన మనిషి తిరిగి రావడం అరుదు. పటేలు చెడ్డవాడు కాదు. తల్లి ఒక్క మాట నా కొడుకని అంటే, ఊరివాడేనని తాను పూచీ పడతానన్నాడు. తల్లేమో నా కొడుకు కాలిపోయాడంటుంది.

"మా అత్తేమో మల్ల పుట్టి రావాల్నంటది" అంది అండాలు. "మంత్రసాని చేతుల పడి, ఏడ్వాల్నంట. మా ఊరి మంత్రసాని నాతోటి గాదు, సచ్చినోన్ని పట్టుకుంటే నాకు తగుల్తదని తలుపేసుకుంది. నువ్వు వస్తవా నర్సమ్మా?"

కట్టెల పాలైన మనిషి తిరిగొస్తే మళ్లీ పుట్టించుకునే ఆచారం కొన్ని చోట్ల ఉందని విన్నానే కానీ, చూడలేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. వాళ్ల ఊళ్లో గుమ్మిలోంచి పుట్టించాలట. గుమ్మి అంటే వడ్లు, జొన్నలు నిల్వ పోసుకునే పెద్ద వెదురు బుట్ట. మనిషి నిలువెత్తు ఉంటుంది, లోపలా బయటా మట్టీ పేడా కలిపి అలుకుతారు. పైన మూత, అడుగున గింజలు తీసుకునే కంత. ఆ ఏడు దళానికి కొంత, క్యాంపుకు కొంత పోయి ఏ ఇంట్లో చూసినా గుమ్ములు ఖాళీయే కాబట్టి, దానికి కొదవ లేదు.

మా డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి, చాలా నిష్ఠగల క్రైస్తవురాలు. సంగతి చెప్పగానే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మన పని కాదు సిస్టర్. అన్యుల ఆచారం."

"వారం వారం మనిషి మళ్లీ పుట్టాలని పాస్టరు గారు చెబుతుంటే మీరూ నేనూ ఆమెన్ అంటూనే ఉన్నాం కదమ్మా. వీళ్లు చేసి చూపిస్తామంటున్నారు, అంతే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "వెళ్లు. చేతులు మాత్రం కడుక్కో" అంది.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరు చేరాను. మా నాయిన ఆ ఊరి కాపుల వాకిళ్లలో కూలి చేసినవాడు, చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడు. నాకు మాత్రం మంచం వాల్చారు. బిడ్డ అడ్డం తిరిగిన రోజు ఎవరూ మంత్రసాని కులం అడగరు, అది నేను ఎప్పుడో గమనించాను. జంగయ్య తల్లి బుచ్చమ్మ వాకిట్లో కూర్చుని ఆముదపు కాయలు కొడుతోంది. తల ఎత్తలేదు.

"నీ కొడుకు వచ్చిండట గద పెద్దమ్మా" అన్నాను.

"నా కొడుక్కు నేనే కొరివి పెట్టిన. బాయికాడ ఉన్నది ఎవరో నాకెర్క లేదు."

"మరి దినాం రొట్టెలు కాల్చి ఎవరికి పంపుతున్నవ్?"

చేతిలో రాయి ఆగింది. "ఆకలైనోనికి పెడితే తప్పా?" అంది.

ముసలిది మొండిది అనుకుంటూ నేనూ మొండిగానే కూర్చున్నాను. కాసేపటికి ఆమె గొంతు తగ్గించింది. "కాలినంక వచ్చినోడు వట్టిగ రాడు నర్సమ్మా. ఒకరిని ఎంటబెట్టుక పోనీకే వస్తడంటరు. ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది. నేనేం జెయ్యాలె? మల్ల పుడితే గా దోషం పోతది. పుట్టి రమ్మను, గడప మీద నేను నిలబడి తోల్కపోత."

కొడుకు పేరు మాత్రం ఆమె నోట రాలేదు. చనిపోయినవాడి పేరు పిలిస్తే వెంట వస్తాడని భయం.

కొడుకు మీద ప్రేమ లేక కాదు, కోడలి కడుపులో బిడ్డ మీద బెంగతో ఆ ముసలిది రాయి అయి కూర్చుందని అర్థమైంది. ఇక ఆ పని ఎట్లాగైనా చేసి తీరాలనుకున్నాను.

జంగయ్య ఇంకా ఇంటి గడప తొక్కకూడదు కాబట్టి బావి దగ్గర కల్లంలోనే ఏర్పాటు. గుమ్మిని బండి మీద తెచ్చి నిలబెట్టారు, అడుగు కంతను కొడవలితో కొంచెం వెడల్పు చేశారు. జంగయ్య ముప్పై ఏళ్ల మనిషి, ఎత్తరి, ఎడమ కాలు పిక్కంతా కాలిన మచ్చ. సిగ్గుపడుతూ నిలబడ్డాడు. అతని నడుముకు నూలుతాడు కట్టారు, రెండో కొస బుచ్చమ్మ నడుముకు. అది బొడ్డుతాడు. పుట్టాక నేను కొడవలితో కోయాలి. బుచ్చమ్మ కంత ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుంది, ముఖం మాత్రం అవతలికి తిప్పుకుంది. పటేలు, కులపెద్దలు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. అండాలు కడుపు మీద కొంగు కప్పుకుని ఎక్కడో వెనక నిలబడింది.

జంగయ్యను పైనుంచి లోపలికి దించారు. గొంగడి కప్పారు, వెలుగు పోకూడదట. ఊపిరి పీల్చినంతసేపు గడిచింది. గుమ్మి ఒక్కసారి ఊగింది. గొంగడిని చించుకున్నట్టు తోసేసి, మనిషి పైనుంచే బయటికి దూకాడు. గుమ్మి దొర్లింది, నూలుతాడు తెగింది, అతను చేను గట్టు దాకా పరుగెత్తి అక్కడ కూలబడ్డాడు.

"కడుపు నిల్వలే" అంది ఒకామె.

బుచ్చమ్మ లేచి దుమ్ము దులుపుకుంది. "నేను జెప్పలేదా" అంది, ఎవరితోనో తెలియదు. పటేలు ఎండ వైపు చూసి నా దగ్గరికి వచ్చాడు. "నర్సమ్మా, పొద్దు వాలితే బండి వస్తది. నాతోని ఏం గాదు ఇగ."

"పొద్దు వాలినంక గద. ఇంక నెత్తి మీదనే ఉన్నది. మీరంత జర ఊకోండ్రి" అని నేను గట్టుకు నడిచాను.

కాన్పు ఆగిపోతే తల్లిని తిట్టే మంత్రసానులను చూశాను. తిడితే కండరాలు బిగుసుకుపోతాయి, బిడ్డ మరీ ఇరుక్కుంటుంది. అందుకని నేను తిట్టలేదు. పక్కన కూర్చుని, ఓడలో ఏమైందని అడిగాను. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ అది అడగలేదట. చచ్చిపోయినవాణ్ని ఎట్లా చచ్చావని ఎవరడుగుతారు?

"లడాయిల ఓడలన్ని గుంపుగ పోతయి నర్సమ్మా, కాన్వాయ్ అంటరు" అన్నాడు. "దుశ్మన్ చూస్తడని ఒక్క దీపం గూడ పెట్టనియ్యరు. చీకట్ల పక్కపక్కనే పోవాలె. మాది బొగ్గు కొట్లుంటయి చూడు, అండ్ల పని. గుమ్మి లెక్కనే ఉంటది, ఇనుపది. మీద మూత. నేను, చిట్టగాంగు దిక్కు మనిషి ఒకడు, ఇద్దరం అండ్ల పారలతోని బొగ్గు ఎగదోస్తున్నం. మా గుంపుల ఓడనే, పక్కనుంచి వచ్చి గుద్దింది. దుశ్మన్ గాదు, ఎవడు గాదు, మనోడే."

"తర్వాత?"

"గోడ చీలి దాని ముక్కు మా కొట్లకు వచ్చింది. బొగ్గంత మా మీద పడ్డది. ఆవిరి గొట్టం పగిలి నా కాలు కాలింది. ఎన్కకు నీళ్లు. గా చీలిన సందులకెల్లి ఎక్కిన. గా ఓడకే లంగరు గొలుసు ఏలాడుతుండె, పట్టుకున్న. ఒక చేత్తోని గొలుసు, ఇంకో చేత్తోని వాని చెయ్యి. గా ఓడ ఎన్కకు తీసింది. తీస్తే మా ఓడ కడుపు తెరుచుకున్నట్టయ్యింది." అతను తన కుడిచేతిని చూసుకున్నాడు. "జారిపోయిండు. నేను ఇడ్వలే. చెయ్యే జారింది."

తనను ముంచిన ఓడే తనను మోసుకుపోయింది. అది గుంపు విడిచి మరమ్మతుకు ఆఫ్రికా రేవుకు పోయింది. అక్కడ కాలిన కాలుతో చాలా రోజులు దవాఖానలో పడున్నాడు. కాగితాలు లేవు, భాష లేదు. ఏ ఓడ ఎక్కించుకుంటే ఆ ఓడలో తిరిగి తిరిగి, ఎట్లాగో బొంబాయి చేరాడు. ఎవరితోనో ఉత్తరాలు రాయించాడు కానీ, మా వైపు ఉత్తరాలు దొర గడీకి వచ్చేవి, దొర అప్పటికే పట్నం పారిపోయాడు.

"గా గుమ్మిల కూసుంటే నీళ్ల చప్పుడు ఇనవడుతది నర్సమ్మా. నాతోని గాదు. మిలిటరీ బండే ఎక్కుత. అండాలుకు జెప్పు."

నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఏడుపు వచ్చింది, దాన్ని కోపంగా మార్చుకున్నాను. "సముద్రం దాటి వచ్చినోనివి, ఇంటి ముంగట మునుగుతవా? నేను బయటి నుంచి కంతల చెయ్యి పెట్టి నీ చెయ్యి పట్టుకుంట. పట్టుకుని గుంజుత."

"పట్టుకుంటే జారుతది."

"వాడు నీ చేతిలకెల్లి జారిండు. నా పనే పట్టుకునుడు. రక్తంల, ఉమ్మనీరుల తడిసిన బిడ్డలను పట్టుకుంటనయ్యా నేను. నా చేతులకెల్లి ఇంతదాక ఒక్కరు జారలే. లే."

నా గొంతులో ఉన్న ధీమా నాకే నచ్చింది. అతను లేచాడు.

మళ్లీ గుమ్మి నిలబెట్టారు, తాడు ముడివేశారు. బుచ్చమ్మ కూర్చోనంటే ఆడవాళ్లు రెక్క పట్టి కూర్చోబెట్టారు. ముఖం అవతలికే. జంగయ్య దిగాడు, గొంగడి పడింది. నేను బోర్లా పడుకుని కంతలోకి భుజం దాకా చెయ్యి పెట్టాను. లోపల చెయ్యి నా చేతిని పట్టుకుంది, వేళ్లు విరిగిపోతాయేమో అనిపించింది.

మా పనిలో హ్యాండ్ ప్రెజెంటేషన్ అని ఒకటుంది. అంటే తల కంటే ముందు చెయ్యి బయటికి రావడం. అది కనిపించిందంటే బిడ్డ అడ్డంగా ఉన్నట్టే, డాక్టరమ్మ కోసం పరుగెత్తాల్సిందే. ఆ రోజు మాత్రం దేవా చెయ్యి బయటికి రానీ అని ప్రార్థించాను. వచ్చింది. మోచేయి వచ్చింది. తల వచ్చింది, జుట్టు నిండా పేడ మట్టి. భుజాల దగ్గర ఇరుక్కుంది. ఎండిన వెదురు బద్దలు అతని వీపులో దిగబడ్డాయి. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు.

అతని కళ్లు నన్ను చూడటం లేదు. "నీళ్లు" అన్నాడు. "నీళ్లొస్తున్నయి, నీళ్లొస్తున్నయి." నేను గుంజితే బద్దలు ఇంకా దిగుతాయి, వదిలితే మనిషి లోపలికి పోతాడు, ఇక ఎప్పటికీ బయటికి రాడు. పట్టుకుని, "ఊపిరి తీస్కో, నన్ను చూడు, తొందర పడకు" అంటున్నాను. కాన్పు గదిలో తల్లులకు చెప్పే మాటలే. అతనికి వినపడటం లేదు. గుండెలోంచి ఒక కేక వేశాడు.

"అమ్మా."

అది ఆచారం కోసం ఏడ్చిన ఏడుపు కాదు. కల్లంలో ఉన్న వాళ్లందరికీ అది తెలిసింది. బుచ్చమ్మ ముఖం ఇటు తిరిగింది. ఆ మట్టికొట్టుకున్న ముఖాన్ని ఒక్క క్షణం చూసింది. బొడ్డుతాడు కోయడానికి నా పక్కన పెట్టుకున్న కొడవలి అందుకుని, మోకాళ్ల మీద పాకి, గుమ్మి కంతలో కొక్కెం వేసినట్టు వేసి పైకి చీరింది. మట్టి పెళ్లలు రాలుతున్నాయి, వెదురు ఫట్‌ఫట్‌మని తెగుతోంది, ఆమె అరచేయి చీరుకుని రక్తం కారుతోంది.

"జంగా, ఆగు బిడ్డా, ఆగు నా జంగా, వస్తున్న, వస్తున్న."

గుమ్మి రెండుగా విచ్చుకుంది. అతను తల్లి ఒళ్లో పడ్డాడు. నా చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది కాబట్టి నేనూ పడ్డాను. తల్లీ కొడుకూ ఏడుస్తుంటే ఆ ఇద్దరి మధ్యనుంచి నా చెయ్యి లాక్కోవడానికే నాకు చాలాసేపు పట్టింది. తాడు నేను కోశాను. నా పని కదా, అది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆడవాళ్లు వేడినీళ్లు పోశారు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టాలి కానీ, అంత మనిషి పట్టక చేటలో అతని తల ఒక్కటే పెట్టారు. అండాలు నవ్వుతూ ఏడుస్తూ నా భుజం మీద వాలిపోయింది.

కులపెద్ద ఒకాయన, పుట్టినోనికి కొత్త పేరు పెట్టాలె గద, పాత పేరు పిండానికి పోయిందన్నాడు. పటేలు తలపాగా సర్దుకుంటూ అడ్డుపడ్డాడు. "తల్లి పేరు పెట్టి పిలిచినంక ఇగ పెట్టేదేముందే? అందరం ఇన్నం."

పొద్దువాలాక మిలిటరీ బండి వచ్చింది. పటేలు జంగయ్యను తన పక్కనే నిలబెట్టుకుని, ఊరి మనిషే, బుచ్చమ్మ కొడుకని చెప్పాడు. ఎప్పటి నుంచి ఉన్నాడని జమేదారు ఉర్దూలో అడిగితే, "పుట్టినప్పటి సంది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

ఆ కేసు తర్వాత నేను పనిచేసే తీరు మారింది. కాన్పుకు ఒప్పుకోని తల్లినో, దవాఖానకు పంపనని అడ్డంపడే అత్తనో చూస్తే మొండితనం అనుకోవడం మానేశాను. ముందు కూర్చుని, దేనికి భయపడుతున్నవమ్మా అని అడుగుతాను. ఏదో ఒకటి ఉంటుంది, అది విన్నాకే నా సంచీ తెరుస్తాను. నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలకూ ఇదే చెప్పాను.

వానలు జోరుమీదున్నప్పుడు అండాలుకు నెలలు నిండాయి. వాళ్ల ఇంట్లోనే కాన్పు చేశాను. ఏ తిప్పలూ లేదు, తల ముందొచ్చింది, ఆడపిల్ల, పుడుతూనే ఇల్లు లేచిపోయేట్టు ఏడ్చింది. తుడిచి బుచ్చమ్మ చేతికి అందించబోతే ఆమె చేతులు చాపలేదు. ముందు కోడలి ముఖం చూసింది. తర్వాత తలుపు తీసి వాకిట్లో తడుస్తూ నిలబడ్డ కొడుకును చూసింది. ఆ తర్వాతే నా వైపు తిరిగింది.

"ఇగ మా ఇంట్ల ఎవ్వరు పోరు గద నర్సమ్మా?"

మాకు ట్రైనింగులో మొదట నేర్పేది, ఎవరికీ మాట ఇవ్వకండి అని. బిడ్డ పుట్టాక కూడా తల్లికి ఏదైనా కావచ్చు. నేను ఎన్నో ఇళ్లలో ఎందరో కాళ్లు పట్టుకున్నా, ఆ మాట ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

"పోరు పెద్దమ్మా" అన్నాను.

అప్పుడు ఆమె చేతులు చాపి మనుమరాలిని తీసుకుంది.